రబ్బరు రింగు, పదిహేను రోజుల జ్వరం

కూర్చుని ఆడేదాన్ని ఆట అని నేను ఒప్పుకోను. ముప్ఫై ఏళ్ళు ఆడపిల్లల కాలేజీలో పనిచేశాను. ఫిజికల్ డైరెక్టరు అని నా గది తలుపు మీద రాసి ఉండేది గానీ, పిల్లలూ తోటి లెక్చరర్లూ ఆఖరికి గంట కొట్టే అటెండరూ నన్ను ఆటల మేడమ్ అనే పిలిచారు. ఆ పేరు నాకు నచ్చింది. ఆటంటే చెమట పట్టాలి, ఊపిరి ఎగపోయాలి, మోకాలు చెక్కుకుపోవాలి, మర్నాడు మెట్లు దిగుతుంటే తొడలు మనల్ని నానా తిట్లూ తిట్టాలి. ఇవేవీ లేనిదాన్ని కాలక్షేపం అంటారు. మా నాన్న ఆదివారం పేకాట కాలక్షేపం. మావారి చదరంగం కాలక్షేపం. పాపం ఆయన ఒక గుర్రాన్ని జరపడానికి అరగంట ఆలోచించి, ఆ అలసటకి కాఫీ అడిగేవారు. పోయిన మనిషిని అనకూడదు గానీ, ఆయన ముందు కూడా ఈ మాటే అన్నాను.

అలాంటి నాకు ఈ వయసులో కొత్త క్రీడాకారుల్ని చూసే భాగ్యం పట్టింది. వీళ్ళు ఫోను పట్టుకుని, లేదా కంప్యూటరు ముందు చతికిలబడి, తెరమీద బొమ్మల చేత తుపాకులు పేల్పిస్తారు. పరిగెత్తేది బొమ్మ, దూకేది బొమ్మ, చచ్చేది బొమ్మ, పతకం మాత్రం వీళ్ళకి. జెర్సీలు కూడా ఉన్నాయట, వీపు మీద పేర్లతో. కోచ్ ఉంటాడట. తా దూర కంత లేదు, మెడకో డోలు. ఆబిడ్స్‌లో మేము రింగులూ నెట్లూ కొనుక్కున్న పాత ఆటసామాన్ల దుకాణం ముందు నుంచి ఈమధ్య వెళ్తూ, అలవాటు కొద్దీ లోపలికి తొంగి చూశాను. హాకీ కర్రలుండే చోట ఎర్రటి కుర్చీలు వరసగా ఉన్నాయి. తల ఆనించుకోవడానికి దిండు, నడుముకో దిండు. ఆటలాడేవాళ్ళ కుర్చీలమ్మా, మంచి డిమాండ్, అన్నాడు కౌంటరు దగ్గర కుర్రాడు. ఆడటానికి కుర్చీ అమ్మే దేశంలో ఇంక ఆటల మేడమ్‌కి ఏం పని అనుకుని ఇంటికొచ్చేశాను.

ఆ మరుసటి వారమే సులోచన వచ్చింది. ఉస్మాన్‌గంజ్‌లో చింతపండూ ఎండుమిర్చీ టోకు వ్యాపారం చేసే సులోచన. డెబ్భై దాటినా దుకాణంలో హమాలీల మీద వేసే కేక రోడ్డు అవతలికి వినిపిస్తుంది. నా చిన్ననాటి స్నేహితురాలు, అప్పట్లో మేము అద్దెకున్న ఇంటివాళ్ళమ్మాయి. మా స్నేహానికి అరవై ఏళ్ళు పైబడ్డాయి గానీ ఈ అరవై ఏళ్ళలో ఆమె నా దగ్గరికి ఏదైనా కావాలని వచ్చిన గుర్తు లేదు. ఇప్పుడు వచ్చింది, పక్కన మనవరాలితో. ఆ పిల్ల పేరు శ్రీనిధి, కొడుకు కూతురు. నేను చదివి, పనిచేసి, రిటైరైన ఆ కాలేజీలోనే డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. నల్ల టీషర్టు, కుడి మణికట్టుకి నల్ల పట్టీ, మెడ ముందుకి వాలి ఉంది. వీపు నిటారుగా పెట్టి కూర్చో అని అప్రయత్నంగా అనేశాను. పిల్ల కూర్చుంది, రెండు నిమిషాలకి మళ్ళీ వాలిపోయింది.

"శారదా, జర నీతోని పని పడ్డది," అంది సులోచన, నేనిచ్చిన మంచినీళ్ళు సగం తాగి. "గీ పిల్ల బెంగుళూరు పోయింది, పన్నెండు రోజులు. గా కంప్యూటరు ఆట పోటీకి. కాలేజీల హాజరు తక్కువ పడ్డది. పరీక్షకు కూసోనియ్యమంటున్నరు. ఆటలకు పోయినోళ్ళకు హాజరిస్తరు గద, మరి గిది ఆటా కాదా అని కమిటీల తేలుస్తరంట. కమిటీల నువ్వు గూడ ఉన్నవంట గద."

ఉన్నాను. రిటైరైనా ఆటల కమిటీలో అనుభవజ్ఞురాలి పేరుతో నన్నొక కుర్చీలో ఉంచారు. ఏడాదికి రెండుసార్లు పిలుస్తారు, రెండు బిస్కెట్లు పెడతారు.

"నీ మనవరాలు ఆడేది ఆట అని నేను చెప్పాలా?" అన్నాను.

"నాకేం ఎర్క? నాకు గూడ గా ఆట సమజ్‌ గాదు. పొద్దంతా డిష్షుం డిష్షుం. కని ఒక ఏడు పోతది శారదా, పిల్లకు. ఏడు పోతే ఏమైతదో నీకు తెల్వదా?"

తెలుసు. నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఆ మాట ఆమె నన్ను దెప్పడానికి అనలేదు, కానీ నాకు తగలవలసిన చోటే తగిలింది.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకి మారినప్పుడు మా నాన్న ఫైళ్ళతో పాటు బదిలీ అయి వచ్చిన గుమాస్తా. నాంపల్లి స్టేషను వెనక సందులో నర్సయ్య గారింట్లో రెండు గదుల వాటా కిరాయికి తీసుకున్నాం. నర్సయ్య గారు సులోచన వాళ్ళ నాన్న. మధ్యలో నాపరాళ్ళు పరిచిన వాకిలి, అటు వాళ్ళు, ఇటు మేము. తెల్లారేసరికి మా వైపు నుంచి కాఫీ డికాషన్ వాసన, వాళ్ళ వైపు నుంచి జొన్నరొట్టె కాలుతున్న వాసన వాకిట్లో కలుసుకునేవి. సాయంత్రం నర్సయ్య గారు ఉస్మాన్‌గంజ్ నుంచి రాగానే ఎండుమిర్చి ఘాటుకి మా నాయనమ్మ వరసగా మూడు తుమ్ములు తుమ్మేది, ఆ తుమ్ములు విని ఇంటాయన వచ్చాడని మా అమ్మ కుళాయి దగ్గర బిందె తీసేసేది. ఆయన కాళ్ళు కడుక్కునే వేళ కుళాయి ఆయనది. ఇది ఎవరూ రాసిపెట్టిన కట్టడి కాదు, కానీ పదిహేనేళ్ళలో ఒక్కరోజు తప్పలేదు. ఇప్పుడు మా అపార్టుమెంట్లో నీళ్ళ గురించి వాట్సాప్‌లో వంద మంది వంద రూల్సు పెట్టుకుంటారు, ఒక్కటీ మధ్యాహ్నం దాకా నిలవదు.

మా నాన్నకీ నర్సయ్య గారికీ పడేది కాదు అనడం తప్పు. ఒకరంటే ఒకరికి చిన్నచూపు, అంతే. అన్నం తిన్నంత సులువుగా అబద్ధాలు రాస్తాడని నర్సయ్య గారు మా నాన్న ఆఫీసు ఫైళ్ళ గురించి అనేవారు. లోకజ్ఞానం లేని చాదస్తుడని మా నాన్న ఆయన గురించి అనేవారు. పండక్కి మాత్రం ఒకరింటి నుంచి ఒకరింటికి సకినాలూ అరిసెలూ వెళ్ళేవి. మావి గట్టిగా ఉన్నాయని వాళ్ళూ, వాళ్ళవి చప్పగా ఉన్నాయని మేమూ అంటూ గిన్నెలు ఖాళీ చేసి పంపేవాళ్ళం.

ఈ రెండిళ్ళనీ ఒకే మాట మీదికి తెచ్చినది రబ్బరు రింగు. టెన్నికాయిట్. ఈ తరం వాళ్ళకి చెప్పాలి కాబట్టి చెబుతున్నాను: దాదాపు జానెడు వెడల్పున్న రబ్బరు చక్రం, తలకంటే ఎత్తులో నెట్. అవతలివాళ్ళు విసిరిన రింగుని ఒంటిచేత్తో పట్టుకుని, పట్టుకున్న చోటి నుంచే వెంటనే తిరిగి విసరాలి. రెండు చేతులు తగిలితే తప్పు, పై నుంచి కిందికి కొడితే తప్పు. మా రోజుల్లో ఆడపిల్లల కాలేజీలన్నిటిలో ఇదే ఆడేవాళ్ళు. ఓణీ చెంగు నడుముకి బిగించి, పిన్నీసు పెట్టి, పావడా కుచ్చిళ్ళు కాస్త ఎత్తి దోపుకుని ఆడేవాళ్ళం. రింగు పట్టీ పట్టీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం పగిలేది. మా అమ్మ రాత్రి వెన్న రాసేది. సులోచన వాళ్ళమ్మ పసుపు అద్దేది. పొద్దున్న కాలేజీలో మా ఇద్దరి చేతులూ చూసి, ఒకటి దోసెలా ఒకటి పులిహోరలా ఉన్నాయని పిల్లలు నవ్వేవాళ్ళు.

దాన్ని ఆట అని ఎవరూ అనలేదు. మగపిల్లలు క్రికెట్ ఆడితే ఆట, హాకీ ఆడితే ఆట. మేము ఆడితే గాజులు విసురుకోవడం. మా నాన్న, "ఏవిటే ఆ రబ్బరు గాజు, ఎప్పుడు పగులుతుంది?" అని అడిగేవారు. నర్సయ్య గారు అంత మాట కూడా ఖర్చు పెట్టలేదు. "బండి చక్రం లెక్క ఉన్నది," అని ఒకసారి అన్నారు. మా నాయనమ్మైతే నేను చెమటతో ఇంటికి రాగానే, "పెళ్ళిచూపులకి ఈ జబ్బలతో కూర్చుంటావా?" అనేది. ఈ ఒక్క విషయంలో పెద్దవాళ్ళందరూ ఏకమయ్యారు. వాళ్ళని అప్పుడు మనసులో ఎంత తిట్టుకున్నానో! ఒక్కసారి వచ్చి నెట్ పక్కన నిలబడి చూడండి, మా కాళ్ళ కింద దుమ్ము చూడండి అని అరవాలనిపించేది.

మేమిద్దరం ఎప్పుడూ జోడీగా ఆడాం. నాది వేగం. రింగు చేతిలో పడ్డ మరుక్షణం అవతలి మూలలో ఉండేది. సులోచనది నిదానం. ఎత్తుగా, తేలికగా, ఒక్క వణుకు లేకుండా తేలుతూ వెళ్ళేది ఆమె రింగు. అందుకోవడానికి వచ్చినవాళ్ళు ఎక్కడ నిలబడాలో తెలియక ముందుకీ వెనక్కీ ఊగేవాళ్ళు. డిగ్రీ రెండో ఏడులో మమ్మల్ని వరంగల్ పంపారు. పది రోజులు శిక్షణ, అయిదు రోజులు పోటీలు. గెలిచి వచ్చాం. గెలిచిన సర్టిఫికెట్లు చుట్టచుట్టి పట్టుకుని నాంపల్లి స్టేషనులో దిగితే మా ఇద్దరి కోసం ఒక్కరూ రాలేదు. పెట్టెలు మోసుకుంటూ సందులోకి నడిచి వెళ్ళాం. నాయనమ్మ మూడు తుమ్ములు తుమ్మి, వచ్చారా, అంది. అంటే నర్సయ్య గారూ ఇంట్లోనే ఉన్నారన్నమాట.

పరీక్షల ముందు హాజరు పట్టీలో మా ఇద్దరి పేర్ల కిందా ఎర్రగీత పడింది. అప్పటి ప్రిన్సిపాలమ్మ ఖద్దరు చీర కట్టుకునే గొప్ప విదుషి, మాకందరికీ ఆమె అంటే వణుకు. ఆటలకి వెళ్ళినవాళ్ళకి హాజరిచ్చే నియమం ఉందని మేము గొణిగాం. "ఉంది. ఆటలకి," అందామె. "ఇది ఆటేనా?" కాసేపు మమ్మల్ని ఎగాదిగా చూసి, మెత్తబడిందో, లేక ఆ పూట ఏమీ తోచలేదో గానీ, "ఏదీ, ఆడి చూపించండి. నాకు ఆటలా కనిపిస్తే వేయిస్తాను," అంది. ఆఫీసు వెనక బట్టలారేసే తాడు ఒకటి బిగించారు. ప్రిన్సిపాలమ్మకి కుర్చీ వేశారు, చేతికి టీ ఇచ్చారు. మేము తాడుకి అటొకరం ఇటొకరం నిలబడ్డాం.

అక్కడ నేను చేసిన పని ఆటలు ఆడే బుద్ధి ఉన్నవాళ్ళు మాత్రమే చేయగలరు. ఎప్పుడూ ఒకే వైపు ఆడాం గనక, మాలో ఎవరు మెరుగన్నది అప్పటిదాకా తేలలేదు. ఎదురుగా సులోచన నిలబడేసరికి నేను హాజరు మరిచిపోయాను. ప్రిన్సిపాలమ్మని మరిచిపోయాను. దీన్ని ఓడించాలి అన్న ఒక్క మాటే మిగిలింది. చేయాల్సిందేమిటి? రింగుని గాల్లో ఉంచాలి. అటూ ఇటూ ఇరవైసార్లు, ముప్ఫైసార్లు, చూసేవాళ్ళ మెడ నొప్పి పుట్టేదాకా నడిపించాలి. సులోచన అలాగే మొదలుపెట్టింది, ఎత్తుగా, అందంగా. నేను దాన్ని అందుకుని మూలకి కొట్టాను. మళ్ళీ విసిరింది, మళ్ళీ మూలకి కొట్టాను. ఏ రింగూ మూడు విసుర్లు దాటలేదు. అయిదు పాయింట్లు వరసగా గెలిచి, రొప్పుతూ, గర్వంగా ప్రిన్సిపాలమ్మ వైపు తిరిగాను.

"అయిపోయిందా?" అందామె. చేతిలో టీ ఇంకా సగం కూడా తాగలేదు. "ఇంతేనా? ఇందుకా పదిహేను రోజులు?"

హాజరు రాలేదు. మా నాన్నకి ఇదంతా లెక్కలోని విషయమే కాదు. మర్నాడు తనకు తెలిసిన డాక్టరు దగ్గర్నుంచి కాగితం పట్టుకొచ్చారు. ఆ పదిహేను రోజులూ నాకు టైఫాయిడ్ అని, మంచం మీద ఉన్నానని. జ్వరానికి హాజరు మినహాయింపు ఉంది, ఆటకి లేదు. అదే చేత్తో సులోచనకి కూడా ఒకటి రాయిస్తానని వాకిట్లో నిలబడి నర్సయ్య గారితో చెప్పారు. ఆయన కాళ్ళు కడుక్కుంటున్నారు. కుళాయి కట్టేసి లేచారు.

"నా బిడ్డకు జరం రాలే," అన్నారు. "రాని జరం వచ్చిందని ఎందుకు రాపియ్యాలె? ఆడటానికి పోయింది, గెల్సి వచ్చింది. గంతే రాయుమనున్రి."

"అలా రాయరండీ, అదే కదా గొడవ," అన్నారు నాన్న.

"గట్లయితే ఏం రాయొద్దు."

లోపలికొచ్చి మా నాన్న ఒక్క మాట అన్నారు, పిచ్చిమనిషి అని. నేనూ అలాగే అనుకున్నాను. నా కాగితం కాలేజీలో ఇచ్చాను. పరీక్ష రాశాను, పాసయ్యాను. సులోచనని పరీక్ష రాయనివ్వలేదు. ఏడాది ఇంట్లో ఉండటమెందుకని వాళ్ళ నాన్నతో దుకాణానికి వెళ్ళడం మొదలుపెట్టింది. ఏడాది తిరిగేసరికి దుకాణం ఆమెను వదల్లేదు, కాలేజీ ఆమెను పిలవలేదు. ఇక నా సంగతి. ఆ తర్వాత అదే కాలేజీలో ఆటల ఉద్యోగానికి వరంగల్ సర్టిఫికెట్ చూపించాను. ఉద్యోగం ఇచ్చారు. చదివిన కాలేజీయే గనక పాత కాగితాలు కూడా నా ఉద్యోగం ఫైల్లోనే కలిపారు, రెండూ అందులో పక్కపక్కనే ఉన్నాయి. ఆ పదిహేను రోజులూ నేను వరంగల్‌లో రింగు ఆడి గెలిచానని ఒకటి చెబుతుంది, నాంపల్లిలో మంచం పట్టానని ఇంకొకటి చెబుతుంది. ముప్ఫై ఏళ్ళు ఏటేటా ఆ ఫైలు తిరగేసినవాళ్ళలో ఒక్క మహానుభావుడు రెండూ చదివిన పాపాన పోలేదు. ఆఫీసుల మీద నాకున్న గౌరవం అప్పుడే కుదుటపడింది.

ఇదంతా ఆ రోజు సులోచన ముందు కూర్చుని నెమరేసుకున్నాను. అన్నేళ్ళుగా గొంతులో ఉన్న మాట ఎందుకో అప్పుడే బయటికి వచ్చింది. "ఆ రోజు నేను రింగు నడపాల్సింది. నీ కోసమైనా మెల్లగా ఆడాల్సింది. నా వల్లే నీ చదువు పోయింది."

సులోచన నన్ను చూసిన చూపు, కల్తీ మిర్చి బస్తా తెచ్చిన రైతుని కూడా అలా చూసి ఉండదు. "ఏంది? మెల్లగ ఆడుతుంటివా? నన్ను గెల్పిస్తుంటివా? గది నాటకమైతది శారదా, ఆట గాదు. నువ్వు కొట్టినవ్, నేను పట్టలే. మూడోది పట్టాల్సింది. ఎడమకాలు నాపరాయి సందుల వడ్డది. ఒక్క జానెడు. గది పట్టుకుంటే నిన్ను లేవనియ్యకపోతుంటి."

యాభై ఏళ్ళ కిందటి మూడో పాయింటు. ఏ కాలు, ఏ రాయి, ఎంత దూరం. నేను గెలిచాను, నాకు గుర్తు లేదు. ఆమెకి గుర్తుంది.

చిరాకొచ్చి మనవరాలి మీద పడ్డాను. "నువ్వు బెంగుళూరులో ఏం చేశావ్? గెలిచావా?"

"లేదు మేడమ్. ఫైనల్లో ఓడిపోయాం."

"ఎలా?"

ఆ పిల్ల మొదటిసారి తలెత్తింది. "నావల్ల. మా టీమ్‌లో నలుగురూ పోయారు, నేనొక్కదాన్నే మిగిలాను. అవతల కూడా ఒక్కడే. కుడివైపు మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. విన్నాను మేడమ్, హెడ్‌ఫోన్స్‌లో క్లియర్‌గా. అయినా ఎడమవైపు చూశాను. అంతకు ముందు రౌండ్లో వాడు ఎడమ నుంచి వచ్చాడని. అర సెకను. తిరిగేసరికి అయిపోయింది. మావాళ్ళు నలుగురూ నా వెనకే నిలబడి చూస్తున్నారు. ఎవరూ ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది."

నాకు ఒళ్ళు మండింది. ఇంత చక్కగా ఓడిపోవడం తెలిసిన పిల్ల, ఒక్క అడుగు పరిగెత్తకుండా, ఏసీ గదిలో కుర్చీలో కూర్చుని ఓడిపోవడమేమిటి! మా కాలంలో నా చేతికి చిక్కి ఉంటే ఆ కళ్ళకీ ఆ చెవులకీ తగిన కాళ్ళు ఇచ్చి ఉండేదాన్ని. ఆ మాటే అన్నాను. సులోచన కొంగు సర్దుకుని లేచి, "సరే, నీకు తోస్తే చెయ్, లేకుంటే ఫికర్ లేదు," అంది. చెప్పులు వేసుకుని మనవరాలిని తీసుకుని వెళ్ళిపోయింది. బతిమాలడం వాళ్ళ వంశంలో లేదు.

కమిటీ గురువారం కూర్చుంది. ప్రిన్సిపాల్ నడివయసు మనిషి, ఎవరినీ నొప్పించకుండా రిటైరవడం ఒక్కటే ఆయన ఆశయం. కామర్స్ లెక్చరరమ్మ ఫోను చూసుకుంటూ ఉంది. నేను. మా ఎదురుగా శ్రీనిధి, వీపు ఈసారి కొంచెం నిటారుగా. బయట వరండా బల్ల మీద సులోచన. ప్రిన్సిపాల్ గొంతు సవరించుకుని, దేశవిదేశాల్లో దీన్ని క్రీడగా గుర్తిస్తున్నారని ఒకరంటున్నారు, లేదని ఇంకొకరంటున్నారు, శారద మేడమ్ లాంటి పెద్దలు చెప్పాలి, అన్నాడు. గోడ మీద పిల్లులకి నేను బాగా అలవాటుపడ్డాను. నోరు తెరవబోయేలోగా ఆయనకి ఇంకా సుఖమైన దారి తోచింది.

"అసలు ఇదంతా ఎందుకమ్మా? మనం ఆట అంటే రేపు ఇంకో పదిమంది వస్తారు. కాదంటే పిల్ల నష్టపోతుంది. ఓ మెడికల్ సర్టిఫికెట్ తెచ్చిచ్చెయ్. ఏదో ఒక జ్వరం. కళ్ళు మూసుకుని సంతకం పెట్టేస్తాను. ఏమంటారు మేడమ్?"

కామర్స్ ఆవిడ ఫోను మీంచి తల ఊపింది, అదే బెటర్ అని. పిల్ల వైపు చూశాను. ముఖం ఎర్రబడింది. "నాకు జ్వరం రాలేదు సార్," అంది. "తీసుకురాను."

"ఏడాది పోతుందమ్మా."

"తెలుసు సార్."

ఆ క్షణంలో నాకు అందరి మీదా అసహ్యం వేసింది. ప్రిన్సిపాల్ మీద, కామర్స్ ఆవిడ ఫోను మీద, ఆ పిల్ల ఆడే బొమ్మల తుపాకుల మీద. అందరికంటే ముందు కుర్చీలో నిటారుగా కూర్చున్న ఆటల మేడమ్ మీద.

"నాకు వచ్చిందండీ జ్వరం," అన్నాను. ఇద్దరూ అర్థంకాక చూశారు. "నా ఫైలు తెప్పించండి. ఈ కాలేజీలో నేను రెండో ఏడు చదువుతుండగా పదిహేను రోజులు టైఫాయిడ్ వచ్చినట్టు కాగితం ఉంటుంది. అదే పదిహేను రోజులు వరంగల్‌లో ఆడి గెలిచినట్టు ఇంకో కాగితం ఉంటుంది. రెండోది చూపించి ముప్ఫై ఏళ్ళు ఇక్కడ జీతం తీసుకున్నాను. మొదటిది అబద్ధం. నాతో ఆడిన అమ్మాయి అబద్ధం తేలేక చదువు మానేసింది. ఆవిడ బయట బల్ల మీద ఉంది."

ప్రిన్సిపాల్ చాలా మర్యాదగా, "అయితే మేడమ్, మీ ఉద్దేశంలో ఇది ఆటేనంటారా?" అన్నాడు.

"కాదనే నా ఉద్దేశం. కుర్చీలో ఆడేదాన్ని నేను చచ్చినా ఆట అనను. కానీ నా ఉద్దేశం ఎవడిక్కావాలి? మా ప్రిన్సిపాలమ్మకీ ఓ ఉద్దేశం ఉండేది. ఈ పిల్లకి మాత్రం జ్వరం రాలేదు. బెంగుళూరు వెళ్ళింది, ఆడింది, ఓడిపోయింది. అంతే రాయండి. రాసి హాజరు వెయ్యండి. కింద మొదటి సంతకం నేను పెడతాను."

రాశారు. ఆయన రాస్తుంటే ప్రతి అక్షరం చూశాను. కాలేజీ తరఫున క్రీడాపోటీలో పాల్గొన్నది అని ఉంది. క్రీడ అన్న మాట దగ్గర కలం ఒక్కసారి ఆగింది, నా వైపు చూశాడు, నేను తల తిప్పుకున్నాను. సంతకం పెట్టాను. కామర్స్ ఆవిడ ఏం రాశారో చదవకుండానే పెట్టింది.

వరండాలోకి వచ్చేసరికి సులోచన లేచి నిలబడింది. మనవరాలు చెప్పకముందే ముఖం చూసి తెలుసుకుంది.

"రాసిన్రా?"

"రాశారు," అన్నాను. "నా టైఫాయిడ్ సంగతి కూడా చెప్పేశాను, అందరి ముందూ."

"చెప్పినవా!" అంది. ఆమె ముఖంలో ఒక్క క్షణం పద్ధెనిమిదేళ్ళ పిల్ల కనిపించింది. "మరి మనది గూడ రాసిన్రా?"

ఆ సంగతి నాకు తోచనేలేదు. రిజిస్టరు ముందున్నది, కలం చేతిలో ఉన్నది, అడిగే పెద్దరికం ఆ రోజుకి నాకే ఉన్నది.

శ్రీనిధి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మీదంటే వరంగల్‌దా నానమ్మా? మీరిద్దరూ నిజంగా ఆడి గెలిచారా?"

సులోచన సంచి భుజానికి తగిలించుకుని మెట్ల వైపు నడిచింది.

"లేదు బిడ్డా," అంది వెనక్కి చూడకుండా. "గామెకు జరమొచ్చిండె."